మూడు రకాల నేల, ఒక బాల్చీ గుల్లసున్నం

నేల మూడు విధాలు: ఉన్న నేల, ఉండిన నేల, ఉండబోయే నేల. మొదటిదానికి యజమాని ఉంటాడు. రెండవదానికి జ్ఞాపకం ఉంటుంది. మూడవదానికి మండలి ఉంటుంది. (బురద అనే నాలుగో రకం కూడా ఉందని కొందరు వాదించారు. వారిని సాంకేతిక ఉపసంఘానికి అప్పగించారు. వారు ఇంకా తిరిగి రాలేదు.)

లూసియానా దక్షిణపు అంచున ఈ మూడింటినీ ఒకే కిటికీలోంచి చూడవచ్చు. మిసిసిపీ నది సగం దేశపు మట్టిని మోసుకొచ్చి, రెండు కరకట్టల మధ్య నుంచి, ఇటూ అటూ చూడకుండా వెళ్ళి, ఎవరికీ అక్కరలేని లోతైన సముద్రంలో పోస్తుంది. కట్టకు ఇవతల, ఆ మట్టితోనే పుట్టిన చిత్తడి నేలలు ఆ మట్టి లేకనే కుంగి ఉప్పునీటిలో కలిసిపోతున్నాయి. ఆకలితో ఉన్నవాడి ముందునుంచి అన్నం బండి రోజూ వెళ్ళడం లాంటిది ఇది. కరకట్టకు ఒకచోట గండి కొట్టి, తలుపులు పెట్టి, ఒండ్రునీటిని చిత్తడిలోకి వదిలితే నేల మళ్ళీ లేస్తుందని ఒక ఆలోచన పుట్టింది. ఆలోచన మంచిదే గనుక దానిమీద చర్చ మొదలైంది. ఆ చర్చ ఎంత సమగ్రంగా సాగిందంటే, మొదటి సమావేశంలో గోడకు తగిలించిన పటంలోని దీవులు కొన్ని ఇప్పుడు లేవు. చర్చకు అంతరాయం కలగకుండా పటాన్ని మార్చారు.

ఈ బాధ్యతను నదీ మృత్తికా పునర్వితరణ మండలి వహించింది. దాన్ని జనం బురద మండలి అంటారు. మండలి ఈ పిలుపును అధికారికంగా ఖండించింది. ఆ ఖండన పత్రం మీద బురద పడిందని చెప్పుకునేవాళ్ళున్నారు గాని, దానికి ఆధారం లేదు.

ఓవిద్ తెరియో ఆలిచిప్పల సాగు చేసేవాడు. అతని తండ్రీ అదే చేశాడు. లోతులేని ఉప్పునీటి కయ్య అడుగున పాత గుల్లలు పరిచి, వాటిమీద పిల్లచిప్పలు అంటుకుని పెరిగేదాకా కాచుకోవడం ఆ పని. తొందరపడేవాడికి అది పనికిరాదు. ఓవిద్ తొందరపడడు. ఏ విషయాన్నైనా రెండువైపులా తిప్పి చూడటం అతనికి చిప్పలు నేర్పిన అలవాటు. మండలి వ్యవహారాల్లో ఇది వైకల్యం కిందికి వస్తుందని అతనికి మొదట తెలియదు.

తెలిసింది విచారణ సభలో. హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల, బల్లమీద రెండు దొంతరలు. మట్టి మళ్ళింపుకు అనుకూలమైతే నీలం చీటీ, ప్రతికూలమైతే గోధుమరంగు చీటీ. ఓవిద్ రెండూ తీసుకున్నాడు.

"ఒకటే తీసుకోవాలి సార్," అంది బల్ల దగ్గరి అమ్మాయి.

"నాకు రెండూ ఉన్నాయమ్మా. ఆ తలుపు తీస్తే మంచినీళ్ళొచ్చి నా చిప్పలన్నీ చస్తాయి. తియ్యకపోతే సెలెస్తీన్ గట్టు మునుగుతుంది. మా అమ్మ సమాధి అక్కడే ఉంది."

"అయితే మీది ఏ అభిప్రాయం?"

"చెప్పాగా."

ఆ అమ్మాయి నియమావళి తిరగేసింది. ఒక నోటికి ఒక అభిప్రాయం అన్నది ఏడవ నియమం. రెండు అభిప్రాయాలు గలవారిని అభిప్రాయం లేనివారుగా పరిగణించాలని దాని ఉపనియమం. (తత్త్వశాస్త్రం ఎన్నో శతాబ్దాలుగా తేల్చలేకపోయిన విషయాన్ని ఒక ఉపనియమం తేల్చడం అభినందనీయం.) అభిప్రాయం లేనివారి కోసం వెనుక వరుసలో కుర్చీలు వేశారు. ఓవిద్ అక్కడికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ వరుస అప్పటికే నిండిపోయి ఉంది.

అతని అక్క క్లోతిల్డ్ ముందు వరుసలో గోధుమరంగు చీటీతో కూర్చుంది. వాళ్ళ నానాన్ యూలాలీ అదే వరుసలో, మధ్యలో రెండు కుర్చీలు వదిలి, నీలం చీటీతో కూర్చుంది. నానాన్ అంటే పుట్టినప్పుడు జ్ఞానస్నానంలో చేతుల్లోకి తీసుకున్న తల్లి. యూలాలీ వాళ్ళమ్మకు స్వయానా అక్క కూడా. వాళ్ళ నాన్నకు అన్న అయిన తన భర్తను సెలెస్తీన్ గట్టు మీద ఇటుక సమాధిలో ఉంచింది. ఆ సమాధిలో రెండు గూళ్ళు. ఒకటి నిండింది. రెండోది తనదని, అది పొడిగా ఉండగానే అందులోకి వెళ్ళాలని ఆమె కోరిక. ఇందులో తొందరేమీ లేదని డాక్టరు అంటున్నాడు. తొందర ఉందని నీళ్ళు అంటున్నాయి.

ప్రతి వక్తకూ మూడు నిమిషాలు. వేదిక మీద ఒక దీపస్తంభం. ఆకుపచ్చ వెలిగితే మాట్లాడాలి, పసుపు వెలిగితే ముగించాలి, ఎరుపు వెలిగితే ముగిసినట్టు. నానాన్ యూలాలీ మాట్లాడినప్పుడల్లా ఎర్రదీపం వెలిగేది, ఆమె మాట్లాడుతూనే ఉండేది.

"ఏవయ్యా హాల్‌బ్రూకూ," అంది ఆ రోజు. మండలి ఉపాధ్యక్షుడు ప్రెస్టన్ హాల్‌బ్రూక్‌ను పూర్తి హోదాతో పిలవాలని ఆమెకు ఎవరూ నేర్పలేకపోయారు. "నీ మాటలకి పన్నెండేళ్ళు. నా మోకాలి నొప్పి కూడా అప్పుడే మొదలైంది. మోకాలికి కనీసం కట్టు కట్టారు. నది నిండా మట్టి పెట్టుకుని, చెంచాడు పొయ్యమంటే ఇంత ఆలోచనా? గంబో పులుసులో ఉప్పెయ్యాలా వద్దా అని పొయ్యి ఆరేదాకా మాట్లాడుకునే వాళ్ళింట్లో ఎవరైనా భోజనం చేస్తారా?"

"మేడమ్, ఎర్రదీపం వెలిగింది."

"వెలగనీ. చీకట్లో ఉన్నావు, కాస్త వెలుతురు మంచిదే."

హాలు నవ్వింది. హాల్‌బ్రూక్ కూడా మర్యాదగా నవ్వి, ఆమె అదనంగా మాట్లాడిన భాగాన్ని నమోదు చేయవద్దని చెప్పాడు. తర్వాత పద్నాలుగో నియమాన్ని చదివి వినిపించాడు: ముంపు ప్రాంతంలో నివసిస్తూ కూడా సభకు రాని వారి మౌనాన్ని అంగీకారంగా స్వీకరిస్తారు. ఆ తర్వాత పటం విప్పాడు.

ఉపగ్రహం తీసిన పటం అది. నీలం నీరు, ఆకుపచ్చ చిత్తడి, ముదురు పసుపు జనావాసం. సెలెస్తీన్ గట్టు ముదురు పసుపులో మెరుస్తోంది. పక్కన చిన్న అక్షరాల్లో: స్థిర జనావాసం, దృఢ నిర్మాణాలు, పునర్నిర్మాణం అనవసరం.

వెనుక వరుసలో ఓవిద్ లేచి నిలబడ్డాడు. అభిప్రాయం లేనివారు నిలబడకూడదన్న నియమం ఉందో లేదో ఎవరికీ గుర్తు రాలేదు.

"అది శ్మశానమండీ," అన్నాడు.

హాల్‌బ్రూక్ పటం వైపు చూశాడు. "దృఢమైన తెల్లని నిర్మాణాలు వరుసలుగా కనబడుతున్నాయి, తెరియో గారూ. ఏటేటా కొత్త రంగు. అంటే జనం ఇళ్ళు బాగు చేసుకుంటున్నారని అర్థం. మా జిల్లా మొత్తం మీద ఇంత చక్కగా నిర్వహించుకుంటున్న ఊరు మరొకటి లేదు."

"ఆ సున్నం మేమే వేస్తున్నాం!" అంది నానాన్. "ప్రతి నవంబరూ, సకల పునీతుల పండక్కి. మా సమాధులకి మేమే వేస్తున్నాం."

ఇది నిజం. ఆ తీరంలో నవంబరు మొదటి రోజున ప్రతి కుటుంబమూ పడవల్లో వెళ్ళి తమవారి సమాధులకు సున్నం వేసి, చామంతులు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తుంది. బజారు సున్నం కాదు. ఓవిద్ తన చిప్పల గుల్లలను బట్టీలో కాల్చి చేసే గుల్లసున్నం. అది వేస్తే ఏడాది పొడవునా పాలమీగడలా మెరుస్తుంది. ఆకాశంలోని యంత్రం ఆ మెరుపును చూసి అక్కడ జనం సుఖంగా ఉన్నారని గ్రహించింది. యంత్రం తప్పు లేదు. అంత శుభ్రంగా ఉన్నవాళ్ళు ఇబ్బందుల్లో ఉన్నారని ఎవరు మాత్రం అనుకుంటారు?

"పడవెక్కించి తీసుకెళ్తాను. మీ కళ్ళతో చూడండి," అన్నాడు ఓవిద్.

క్షేత్ర పరిశీలనకు అవకాశం లేదని హాల్‌బ్రూక్ విచారం తెలియజేశాడు. మనిషి కన్ను దగ్గరికి వెళ్తే పక్షపాతం చూపుతుంది. పటాన్ని సవరించాలంటే పటమే సవరించుకోవాలి. అందుకు మార్గం ఒకటి ఉంది. ఒక్క ఏడాది సున్నం వేయకుండా ఊరుకుంటే సమాధులు నల్లబడతాయి, నాచు పడుతుంది, యంత్రం వాటిని శిథిల ప్రాంతంగా గుర్తిస్తుంది, అప్పుడు ఆ గట్టు సాయానికి అర్హత పొందుతుంది.

"ఒక్క పండుగ మానేస్తే చాలు," అన్నాడు అతను దయగా.

*

తిరుగుదారిలో పడవలో ముగ్గురూ ఉన్నారు. ఇంజను చప్పుడు మీదుగా క్లోతిల్డ్ ముందుగా నోరు విప్పింది.

"మంచిదే అయింది. ఆ గట్టుకి మట్టి అక్కర్లేదంటే తలుపు తియ్యాల్సిన పనీ తగ్గినట్టే. ఒరే ఓవిద్, నువ్వు వెనకాల కూర్చుని తలూపడం మానెయ్. చిప్పలు చస్తే రేపు నా పిల్లలు ఏం తింటారు? అమ్మ ఎప్పుడో పోయింది. మనిషి రెండుసార్లు చావదు."

"మునిగితే అదే రెండోసారి," అంది నానాన్.

"నానాన్, నువ్వూ అలాగే అంటావు. నువ్వెళ్ళాక నీకేం తెలుస్తుంది పొడో తడో?"

"నాకు తెలియదు. నీకు తెలుస్తుంది. అందుకే చెబుతున్నా."

క్లోతిల్డ్ మొహం తిప్పుకుంది. ఇద్దరి మాటా నిజమేనని ఓవిద్‌కు తోచింది. అదే అతని బాధ. ఏడవ నియమం దృష్టిలో అతను ఖాళీ మనిషి. లోపల చూసుకుంటే ఇరుకుగా ఉంది. అభిప్రాయం లేకపోవడం, రెండు ఉండటం బయటికి ఒకేలా కనబడతాయి. కుంగుతున్న శ్మశానం, బాగున్న ఊరు కూడా బయటికి ఒకేలా కనబడతాయి. సున్నం వేసుకున్న ప్రతిదానికీ ఇదే గతి అని, తనకూ ఏదో సున్నం ఉందని అతనికి అనిపించింది.

అక్టోబరు చివర గుల్లలు కాల్చలేదు. నానాన్ వచ్చి చల్లారిన బట్టీ చూసింది.

"ఏరా, పండగ కనబడలేదా?"

"ఈ ఒక్క ఏడాదీ వద్దంటున్నారు నానాన్. నల్లబడితే పటం మారుతుందట. పటం మారితే మట్టి వస్తుందట. నీ గూడు పొడిగా ఉంటుంది."

ఆమె బట్టీ రాతి మీద కూర్చుంది.

"ఓవిద్, మీ అమ్మ నిన్ను బడికి పంపేటప్పుడు చిరిగిన చొక్కా వేసి పంపిందా? ఆ బడిలో మనకి ఉచితంగా అన్నం పెట్టేవాళ్ళు. చొక్కా చిరిగితే ఇంకో ముద్ద ఎక్కువ వేసేవాళ్ళు. అయినా రాత్రిళ్ళు కూర్చుని కుట్టేది. ఎందుకు? చచ్చినవాళ్ళకి మురికిబట్టలు కట్టి, మా పరిస్థితి బాగాలేదు బాబూ అని అడుక్కోమంటాడా ఆ హాల్‌బ్రూకు? పొయ్యి వెలిగించు."

"మునుగుతుంది నానాన్."

"మునగనీ. మొహం కడుక్కుని మునుగుతుంది."

ఓవిద్ బట్టీ వెలిగించాడు. ఆ వెలిగించడంలో అతను ఒక అభిప్రాయం చెప్పాడు. దానికి ఏ రంగు చీటీయో మాత్రం అతనికి తెలియలేదు.

పండుగనాడు గట్టు మీద నీళ్ళు సమాధుల రెండో వరుస ఇటుకల దాకా వచ్చి ఉన్నాయి. ఉప్పుకు చచ్చిపోయిన ఓక్ చెట్లు బూడిదరంగులో చేతులు చాచి నిలబడ్డాయి. అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి సున్నం వేశారు. కుంచె నుంచి జారిన చుక్కలు నీటిమీద పాలలా విచ్చుకుని కరిగిపోయాయి. క్లోతిల్డ్ కూడా వచ్చింది. గోధుమరంగు చీటీ చేతిలో లేకపోతే ఆమె వాళ్ళమ్మలాగే ఉంటుంది. నానాన్ తన ఖాళీ గూటికి తానే రెండు పూతలు వేసుకుంది.

"రెండెందుకు?" అన్నాడు ఓవిద్.

"ఇల్లు కొత్తది కదా."

సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించారు. (ఆ కొవ్వొత్తులను కూడా యంత్రం గమనించింది. తర్వాతి పటంలో సెలెస్తీన్ గట్టుకు విద్యుత్ సౌకర్యం ఉన్నట్టు చూపించారు.)

*

ఈస్టరుకు ముందరి ఉపవాస కాలంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, రొయ్యలు ఒలుస్తూ ఒలుస్తూ నానాన్ యూలాలీ కన్ను మూసింది. ఒడిలోని గిన్నె కూడా కదల్లేదు. ఎర్రదీపం లేకుండా ఆమె ఏదైనా ముగించడం అదే మొదటిసారని క్లోతిల్డ్ అని, నవ్వి, ఆ నవ్వుతోనే ఏడ్చింది.

ఓవిద్ ఖననం అనుమతి కోసం జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. కిటికీ వెనుక ఉన్నాయన చాలా సౌమ్యుడు. చిరునామా అడిగాడు. సెలెస్తీన్ గట్టు అని చెప్పగానే తెరమీద పటం తెరిచాడు.

"క్షమించాలి. అది స్థిర జనావాసం. జనావాసంలో శవాన్ని పెట్టడానికి వీల్లేదు. ఆరోగ్య నిబంధన."

"అక్కడున్నవన్నీ సమాధులే కదండీ."

"అవి నివాసాలు."

"అందులో ఉన్నవాళ్ళంతా చచ్చిపోయారు."

"అది వారి వ్యక్తిగత విషయం. మేం జోక్యం చేసుకోం."

ఓవిద్ కాసేపు ఆలోచించాడు. ఏ విషయాన్నైనా రెండువైపులా తిప్పి చూడటం అతని అలవాటని ముందే చెప్పుకున్నాం. ఆ అలవాటు జీవితంలో మొదటిసారి అక్కరకొచ్చింది.

"సరే. పూడ్చిపెట్టడం కాదు. మా నానాన్ అక్కడికి మకాం మారుస్తోంది. అందుకేమన్నా అభ్యంతరమా?"

కిటికీ వెనుక ఆయన పత్రాలు చూశాడు. మొహంలో నిజమైన ఊరట కనిపించింది.

"మకాం మార్చడానికి కార్యాలయానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. ఇల్లు సొంతమేనా?"

"సొంతమే. మొన్ననే సున్నం వేసుకుంది."

అలా నానాన్ యూలాలీ చిరునామా మారింది. అనుమతి లేకుండా ఖనన ప్రార్థన చదవడానికి ఫాదర్ బుద్రోకు మనసొప్పలేదు. నిబంధన తప్పితే బిషప్‌కు ఉత్తరం వెళ్తుంది. ఆయన కొంతసేపు పుస్తకం తిరగేసి, గృహప్రవేశపు దీవెన తీశాడు. చిప్పల పడవలో పెట్టె, పెట్టె మీద చామంతులు. గట్టు మీద నీళ్ళలో నిలబడి, ఈ ఇంట్లోకి వచ్చేవారికీ, పోయేవారికీ శాంతి కలుగుగాక అని ఫాదర్ చదివాడు. పోయేవారికీ అన్న మాటను ఆయన రెండుసార్లు చదివాడు. గూడు ఇంకా పొడిగానే ఉంది. దాని గుమ్మానికీ నీటికీ మధ్య ఒక అరచేయంత ఎత్తు మిగిలి ఉంది. ఓవిద్ తన చేయి పెట్టి చూశాడు. చేయి తీయడానికి అతనికి కొంత సమయం పట్టింది.

*

అంతిమ విచారణ సభ వేసవి ముందు జరిగింది. పన్నెండేళ్ళ అధ్యయనాన్ని మరింత లోతుగా అధ్యయనం చేసేందుకుగాను పథకాన్ని నిరవధికంగా నిలిపివేయాలన్నది తీర్మానం.

గుమ్మం దగ్గర అదే బల్ల, అదే అమ్మాయి. ఓవిద్ ఈసారి ఒక్క చీటీయే తీసుకున్నాడు. నీలం.

"నిర్ణయించుకున్నారన్నమాట," అంది ఆ అమ్మాయి మెచ్చుకోలుగా.

"లేదమ్మా. రెండోది ఇంటి దగ్గరే ఉంది. నీళ్ళలో, చిప్పలతో."

వేదిక మీద అతను మూడు నిమిషాలూ వాడుకోలేదు.

"నేను చిప్పల సాగు చేస్తాను. తలుపు తెరిస్తే నాకు పోయేది నా బతుకే. అయినా తెరవండి. చిప్పల్ని మళ్ళీ ఎక్కడో ఒకచోట, ఉప్పు ఉన్నచోట, మొదట్నించీ పెంచుకోవచ్చు. నాకా తెలివి ఉంది. నేలని పెంచే తెలివి నాకు లేదు. నదికి ఉంది. దాన్ని అడ్డుకుంటున్నది మనం. అంతే."

అతను దిగి వచ్చేసరికి క్లోతిల్డ్ ముందు వరుసలో తన గోధుమరంగు చీటీని ఒడిలో బోర్లా పెట్టుకుని ఉంది. మాట్లాడేందుకు ఆమె పేరు పిలిచినప్పుడు లేవలేదు. తమ్ముడి వైపు చూడనూ లేదు. పక్కకు జరిగి కుర్చీ ఇచ్చింది.

తర్వాత హాల్‌బ్రూక్ పద్నాలుగో నియమం ప్రకారం ముంపు ప్రాంత నివాసుల వంతు వచ్చిందని ప్రకటించాడు. అందులో అతి పెద్ద జనావాసం సెలెస్తీన్ గట్టే. గట్టు నుంచి పేరు నమోదైన నివాసి ఒక్కరే, ఇటీవల మకాం మార్చినవారు. మిగిలిన ఇళ్ళవారు వివరాలు అందజేయలేదు గనుక వారందరి తరఫున ఆమెనే పిలుస్తున్నామని చెప్పాడు.

"యూలాలీ తెరియో గారు."

ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఎవరూ కదల్లేదు. వెనుక వరుసలో అభిప్రాయం లేనివాళ్ళంతా ఒక్కొక్కరే టోపీలు తీశారు. ఎవరో లేచి నిలబడ్డారు, ఆ తర్వాత అందరూ నిలబడ్డారు. హాల్‌బ్రూక్‌కు కారణం తెలియలేదు గాని, మర్యాద కోసం అతనూ లేచాడు. కిటికీ అవతల నది, కట్టల మధ్య నుంచి, తన మట్టి తను తీసుకుని వెళ్తోంది. పసుపు దీపం వెలిగింది. తర్వాత ఎరుపు.

అభ్యంతరం లేదని మండలి నమోదు చేసుకుంది. తీర్మానం అత్యధిక నివాసుల అంగీకారంతో నెగ్గింది. యూలాలీ గారు తన నియమిత సమయాన్ని మొట్టమొదటిసారిగా పాటించారని ఉపాధ్యక్షులు ప్రత్యేకంగా అభినందించారు.